దాసరి పిట్టలకు పెట్టిన కాంటీన్

ఎవరి ముఖంలోనైనా ఆకలి కనిపిస్తే ఇందుమతి చూస్తూ కూర్చోలేదు. స్టీల్ ప్లాంట్ కాంటీన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు వడ్డించిన మనిషి. ప్లాంట్‌లోనే పనిచేసే భర్త రమాకాంత్ కామెర్లతో పోయినప్పుడు ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు, కొడుకు అనిల్‌కి నాలుగు. టెక్కలి పక్క పల్లె నుంచి భిలాయి వచ్చి ఆరేళ్ళయినా హిందీలో కూరగాయల బేరం తప్ప ఇంకేమీ మాట్లాడలేకపోయేది. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళు ఏం అడుగుతున్నారో అర్థంకాని ఆ మొదటి రోజుల్లో, మాటలు వినడం మానేసి ముఖాలు చూడడం నేర్చుకుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాడికి అన్నం కంటే ముందు మజ్జిగ కావాలి. డబుల్ డ్యూటీ చేసినవాడు రెండో చపాతీ దగ్గరే కునుకు తీస్తాడు. నోరు తెరిచి అడగకముందే ఎవరికేం కావాలో వాళ్ళ కంచంలో పడేది. అందుకే పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా లైను మాత్రం ఇందు దీదీ దగ్గరే పెరిగేది.

రిటైరయ్యాక వడ్డించడానికి ఇద్దరే మిగిలారు. కొడుకు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్ళ మీద సూపర్‌వైజరు. పొద్దున్న ఏడింటికి డబ్బా పట్టుకుని వెళ్ళిపోతాడు. కోడలు శ్రీలక్ష్మి సుపేలాలో చిన్న పిల్లల బడిలో టీచరు. రెండు చపాతీలు తిని "బస్ అత్తయ్యా, బస్" అంటూ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. పదింటికల్లా ఇందుమతి వంట పనీ, గిన్నెల పనీ అయిపోయి, సెక్టార్ ఏడులోని ఆ రెండు గదుల క్వార్టర్ వరండాలో ఊరికే కూర్చుని ఉండేది. అలా ఊరికే కూర్చోవడం ఆమెకి సిగ్గుగా ఉండేది కూడా.

ఆ ఏడు మార్చి మొదట్లో పెరట్లో జామచెట్టు మీద పిట్టలు గూడు కడుతున్నాయని ముందు కనిపెట్టింది శ్రీలక్ష్మి.

"అత్తయ్యా, ఇధర్ ఆవో. మాట్లాడకండి."

చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మొదలుపెడితే హిందీలో ముగుస్తుంది, హిందీ మొదలుపెడితే తెలుగులో. పక్షులంటే ప్రాణం పెడుతుంది. ఫోన్ నిండా వాటి ఫొటోలే. ఆమె వేలు చూపించిన చోట, చెయ్యెత్తితే అందేటంత ఎత్తులో, రెండు సన్నకొమ్మలు చీలిన దగ్గర ఒక చిన్న పిట్ట కూర్చుని తన ఎదురొమ్ముతో గూటి అంచుని ఒత్తుతోంది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, కంటిమీద వెడల్పాటి తెల్లని పట్టీ. కూర్చున్నచోట ఒక్క క్షణం కుదురుగా ఉండదు. తోకని విసనకర్రలా విప్పుతుంది, మూస్తుంది, ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది.

"దీన్ని మా ఊర్లో దాసరి పిట్టనీవోరు. ఆ నామం సూడు. ఆ గెంతులు సూడు" అంది ఇందుమతి.

"ఇక్కడ నాచన్ అంటారు. ఈగల్ని పట్టుకుని తింటుంది. ఫ్లైక్యాచర్ జాతి" అంది శ్రీలక్ష్మి. తరవాత అత్తగారి వైపు తిరిగి, బడిలో పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. "ఒక్క మాట. దీనికి మనం ఏం చెయ్యకూడదు. పెట్టకూడదు, ముట్టకూడదు. కుఛ్ భీ నహీ. దూరం నుంచి చూడ్డమే."

"నానేటి చేస్తాను" అంది ఇందుమతి.

గూడు ఎనిమిది రోజులు కట్టాయి. జంటలో ఏది మగదో ఏది ఆడదో పోల్చుకోవడం కష్టం, రెండూ పనిచేశాయి. సన్నటి గడ్డి పోచలూ వేళ్ళ పీచూ తెచ్చి గుండ్రంగా పేర్చి, బయటవైపంతా సాలెగూడు తెచ్చి పూసేవి. బాత్‌రూమ్ వెంటిలేటర్ నుంచి ఒకటి, వరండా మూల నుంచి ఒకటి, ముక్కుతో సాలెగూడు చుట్టుకుపోతుంటే ఇందుమతి నోరు తెరుచుకుని చూసేది. ఉగాది దగ్గరపడుతున్నా ఆమె బూజుకర్ర బయటికి తీయలేదు. గూడు పూర్తయ్యాక చూస్తే టీ గ్లాసు అడుగంత ఉంది. గచ్చు చేసినట్టు నున్నగా, బూడిదరంగులో. కర్రకి అద్దం కట్టి శ్రీలక్ష్మి ఒక్కసారి లోపలికి చూసింది. గులాబీ ఛాయ కలిసిన మూడు తెల్లటి గుడ్లు. లావుగా ఉన్న కొసన గోధుమరంగు చుక్కలు.

అక్కడి నుంచి ఇందుమతికి వరండాలో కూర్చోవడం సిగ్గనిపించలేదు. గుడ్ల మీద రెండూ వంతులవారీగా కూర్చునేవి. ఒకటి మేతకి వెళితే అది తిరిగి వచ్చి పక్కకొమ్మ మీద వాలేదాకా కూర్చున్నది లేచేది కాదు. వచ్చినది సన్నగా ఈల వేసేది, అప్పుడు మొదటిది ఎగిరేది. రిలీవర్ వచ్చి నిలబడేదాకా మెషీన్ వదలకూడదన్న రూలు తెలిసిన మనిషికి అది చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. కాకి వస్తే గుప్పెడంత లేని ఆ పిట్టలు దాని వీపు మీద పడి పొడిచి సెక్టార్ రోడ్డు దాకా తరిమేవి. గోడమీద నడిచే పిల్లినీ వదిలేవి కాదు.

ఆ పిల్లి పక్కింటి సత్యవాణిది. పసుపు రంగుది, పేరు బిజిలీ. సత్యవాణి బొబ్బిలి మనిషి, రైల్ మిల్లులో పనిచేసిన మొగుడు పోయి నాలుగేళ్ళయింది. ఇరవై రెండేళ్ళుగా రెండిళ్ళ మధ్యా ఆ నడుమెత్తు గోడే. వదినా అంటే వదినా అనుకోవడమే. పిల్లలు లేని ఆమెకి ఇంట్లో పలికే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే.

పదమూడో రోజుకి గుడ్లు పిగిలాయి. బొచ్చు లేని, కళ్ళు తెరవని మూడు పిల్లలు. ఈల వినిపిస్తే చాలు మూడు పసుప్పచ్చ నోళ్ళు ఒక్కసారి పైకి లేచేవి. తల్లీ తండ్రీ ఆకుల మధ్య తోక విప్పి ఝాడించడం, ఆ కదలికకి బెదిరి లేచిన దోమనో ఈగనో గాలిలోనే టప్పున పట్టడం, తేవడం, ఒక నోట్లో పెట్టడం, మళ్ళీ పోవడం. పొద్దున్న మొదలెడితే చీకటి పడేదాకా అదే పని. తెచ్చేది కంటికి ఆనదు. నోళ్ళు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

నాలుగోరోజు సాయంత్రం వీధిలోకి దోమల మందు పొగ బండి వచ్చింది. ఏటా వచ్చేదే. తెల్లటి పొగ ఇళ్ళమీదా చెట్లమీదా పరుచుకుపోయింది. మర్నాడు పొద్దున్న పెరట్లో ఒక్క దోమ లేదు, ఒక్క ఈగ లేదు. పిట్టలు రోడ్డు దాటి ఎక్కడికో పోయి చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. మూడు నోళ్ళూ తెరుచుకుని, తెరుచుకుని, అలిసిపోయి మూసుకోవడం ఇందుమతి వరండాలోంచి చూసింది. కోడలు అన్నమాట గుర్తులేక కాదు. గుర్తుండే, ఆమె బడికి వెళ్ళేదాకా ఆగింది.

తరవాత రెండు కొబ్బరి చిప్పలు కడిగి, మాగిపోయిన అరటిపండు పిసికి, బెల్లం నీళ్ళు పోసి, గూటికి మూరెడు కింద కొమ్మకి తీగతో కట్టింది. గంట తిరిగేసరికి చిప్పల మీద సన్నటి ఈగలు ముసిరాయి. మరికాసేపటికి పిట్ట వచ్చింది, ఆగింది, తోక విప్పింది, చిప్పమీంచి లేచిన ఈగని టప్పున పట్టింది. ఇంక రోడ్డు దాటిపోవలసిన పని లేకపోయింది. పట్టడం, రెండు గెంతుల్లో గూటికి చేరడం. ఇందుమతి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆమె అంత సంతోషంగా ఎవరికీ వడ్డించలేదు. కోడలు వచ్చే వేళకి చిప్పలు విప్పి బాత్‌రూమ్ వెనక దాచేసింది.

మర్నాడు చిప్పల్ని గూటికి జానెడు దూరానికి జరిపింది. ఆ సాయంత్రం విప్పలేదు. ఆకుల చాటున కోడలికి కనపడవు. తెల్లవారగానే పిల్లలు ఆకలితో లేస్తాయి కదా, అప్పటికి ఈగలు సిద్ధంగా ఉంటాయి అనుకుంది.

ఐదున్నరకి కుళాయి వచ్చే వేళకి లేచి పెరట్లోకి వచ్చిన ఇందుమతికి ముందు పిట్టల అరుపు వినిపించింది. ఈల కాదు, గరగరమనే అరుపు. రెండూ గూటి మీద ఎగురుతున్నాయి, వాలడం లేదు. దగ్గరికి వెళ్ళి చూసింది. జామచెట్టు మొదలు నుంచి ఎర్రచీమల బారు పైకి పాకి, చిప్ప దగ్గర లావై, అక్కడినుంచి కొమ్మ వెంట గూట్లోకి దిగుతోంది.

చిప్పలు లాగి వెనక కాలువలో పారేసింది. కుళాయికి పైపు తగిలించి చెట్టుకేసి కొట్టింది. చీమలు కొట్టుకుపోయాయి. సాలెగూడుతో అతికిన గూడు ఆ ధారకి ఒకవైపు ఊడి వేలాడింది. మూడు పిల్లలూ కింద పడ్డాయి. కదలలేదు. వాటిని చీమలు చంపాయో, తను కొట్టిన నీళ్ళు చంపాయో ఇందుమతికి తెలియలేదు. ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

పైపు పట్టుకుని అలా నిలబడి ఉండగానే బిజిలీ గోడ దిగింది. పిట్టలు దాని తలమీద పొడుస్తున్నా లెక్కచెయ్యకుండా తడి నేల మీంచి ఒక పిల్లని నోట కరుచుకుంది. సరిగ్గా అప్పుడే శ్రీలక్ష్మి పళ్ళు తోముకుంటూ వెనక గుమ్మంలోకి వచ్చింది.

"అరే, ఛోడ్. ఛోడ్ ఉస్‌కో" అని బ్రష్షు విసిరికొట్టింది. పిల్లి గోడ దూకి పోయింది.

కోడలు నేలమీద కూలబడి మిగిలిన రెండింటినీ అరచేతిలోకి తీసుకుంది. వేలాడుతున్న గూడు చూసింది. చేతిలో పైపుతో నిలబడ్డ అత్తగారిని చూసింది. "మీరు పిల్లిని నీళ్ళు కొట్టి తరమబోయారు కదా. మీరేం చేస్తారు, అది అంత ఎత్తు ఎక్కితే" అంది.

ఇందుమతి నోరు తెరిచింది. వెళ్ళి కుళాయి కట్టేసింది. ఆ ఒక్క క్షణం దాటిపోయింది. దాటిపోయాక చెప్పడం కష్టమైపోయింది.

బడికి కూడా వెళ్ళకుండా శ్రీలక్ష్మి గోడ దగ్గర నిలబడి సత్యవాణిని పిలిచింది. ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది. ఇంట్లో కట్టేసుకోలేనివాళ్ళు పిల్లిని ఎందుకు పెంచాలి అంది. నెల్లాళ్ళు కష్టపడి కట్టుకున్న సంసారం అంది. సత్యవాణి చెంబు పట్టుకుని వింటూ నిలబడింది. అంతా విన్నాక ఇందుమతి వైపు చూసింది.

"నువ్వు సూసినావేటి వదినా? మా బిజిలీయే తీసిందా?"

"నోట్లో పిల్ల ఉన్నాది కదా" అంది ఇందుమతి.

అది అబద్ధం కాదు. ఆ మాట అన్న తరవాత ఆమె చూపు నేలమీంచి లేవలేదు.

"నువ్వు సూసినావంటే మరి మాటేటుంది" అంది సత్యవాణి. లోపలికి వెళ్ళింది. సాయంత్రం అనిల్ డ్యూటీ నుంచి రాగానే తనే గోనెసంచితో గుమ్మంలోకి వచ్చింది. సంచి కదులుతోంది. "జాముల్‌లో మీ లేబర్ కాంటీన్ దగ్గర వదిలీ నాయనా. అక్కడైతే చేపల తలకాయలైనా దొరుకుతాయి. ఇక్కడుంటే మీ ఆవిడకి రోజూ ఏడుపే." సంచి చేతిలో పెట్టి, మూతికట్టు కాస్త వదులు చేసి, వెనక్కి చూడకుండా పోయింది. ఇందుమతి వంటింట్లో నిలబడి అంతా విన్నది. బైకు స్టార్టయిన చప్పుడు కూడా విన్నది.

తరవాతి రోజులు ఎలా గడిచాయంటే, అన్నీ మామూలుగానే గడిచాయి. అదే ఆమెకి భరించలేనిదిగా ఉండేది. సత్యవాణి గోడ మీంచి మునక్కాడలు అందించేది. "మీ కోడలికి చెప్పు, నాకేటీ కోపం లేదని" అనేది. సాయంత్రం పూట అలవాటుకొద్దీ "బిజ్జూ" అని పిలవబోయి సగంలో ఆపుకోవడం రెండుసార్లు వినిపించింది. శ్రీలక్ష్మి బడిలో పిల్లలచేత పిల్లుల్ని కట్టేసుకోమని బొమ్మలు వేయించింది. "మీరొక్కరే వాటికోసం నిలబడ్డారు అత్తయ్యా" అని పెద్ద చపాతీ ఆమె కంచంలో వేసింది. ఇందుమతి ఆ చపాతీని నీళ్ళతో మింగింది.

కాంటీన్‌లో వాళ్ళకో పద్ధతి ఉండేది. పప్పు మాడినా, కూర ఉప్పుకశమైనా వండిన మనిషే కౌంటర్ దగ్గరికి వచ్చి, మొదటి కంచం పట్టకముందే, అందరికీ వినపడేలా చెప్పాలి: ఇవాళ నా చేతిలో పాడైంది అని. సూపర్‌వైజర్ చెప్పకూడదు, పక్కవాళ్ళు చెప్పకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇందుమతి రెండుసార్లు అలా నిలబడింది. రెండుసార్లూ చెవులు కాలిపోయాయి, రెండుసార్లూ జనం నవ్వి తినేసి పోయారు. ఇప్పుడు రోజూ గిన్నెలు తోముతూ ఆ వాక్యాన్ని నోట్లోనే కూర్చుకునేది. గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఎండ ఎక్కువగా ఉందనో, కుళాయి తొందరగా పోయిందనో చెప్పి వచ్చేసేది. మొదటిరోజు చెప్పి ఉంటే అది పొరపాటు. ఇప్పుడు దానికి వేరే పేరుంది. ఆ పేరు ఆమెకి తెలుసు.

పద్నాలుగో రోజు, ఆదివారం పొద్దున్న, పిట్టలు మళ్ళీ వచ్చాయి. వేలాడుతున్న పాతగూటి మీద వాలి, దాని సాలెగూటి పోగుల్ని ముక్కుతో లాగి పీకి, గోడ అవతలికి మోసుకుపోతున్నాయి. శ్రీలక్ష్మి వరండాలో నోటుబుక్కులు దిద్దుతోంది. సత్యవాణి గోడమీద మోచేతులు ఆన్చి చూసింది.

"మళ్ళీ కట్టుకుంటున్నాయి వదినా. ఇప్పుడింక భయం లేదులే" అంది. "పిల్లి లేదు కదా."

ఎత్తిపొడుపేమీ లేదు అందులో. ఆమె నిజంగానే సంతోషపడుతోంది.

"పిల్లి కాదు" అంది ఇందుమతి.

"ఏటి?"

"నా చేతిలో పాడైంది." గొంతు పెద్దగా వచ్చింది, కౌంటర్ దగ్గర వచ్చినట్టు. శ్రీలక్ష్మి తలెత్తింది. "మందు కొట్టినాక ఈగల్లేవని చిప్పల్లో అరటిపండూ బెల్లమూ కట్టినాను. గూటి పక్కనే. ఎర్రచీమలు పట్టీసినాయి. నీళ్ళు కొడితే గూడు ఊడిపోయింది. బిజిలీ వచ్చీసరికి పిల్లలు నేలమీదున్నాయి. అది చంపలేదు వదినా. నేను సూస్తూ ఊరుకున్నాను."

పిట్ట వచ్చి ఇంకో పోగు పట్టుకుపోయింది.

"పెట్టొద్దన్నాను కదా అత్తయ్యా" అంది శ్రీలక్ష్మి మెల్లగా. తరవాత, "చీమల సంగతి వదిలేయండి. తెలీక చేశారు. పద్నాలుగు రోజులు అత్తయ్యా. నేను ఆంటీని ఎన్ని మాటలన్నాను. మీరు పక్కనే నిలబడి విన్నారు." నోటుబుక్కులు అలాగే వదిలేసి, గోడ దగ్గరికి వెళ్ళి, సత్యవాణి చేతులు పట్టుకుంది. సత్యవాణి ఆమె వైపు చూడలేదు. ఇందుమతినే చూస్తోంది.

"నేను నిన్నడిగాను" అంది చివరికి. "కోడల్ని కాదు. నిన్నడిగాను."

"చెప్పులేసుకో" అంది సత్యవాణి.

సుపేలా దాకా నడిచి, అక్కడ జాముల్ ఆటో ఎక్కారు. ఒకే సీటులో కూర్చున్నా సత్యవాణి బయటికే చూస్తూ వచ్చింది. లేబర్ కాంటీన్ వెనక సిమెంటు దుమ్ముతో తెల్లబడిన రేకుల షెడ్డు, బొగ్గు బూడిద గుట్ట. "పసుపు రంగు పిల్లి గురించా? రెండ్రోజులుగా కనపళ్ళేదమ్మా, ఇక్కడి కుక్కలు మంచివి కావు" అన్నాడు గిన్నెలు తోముతున్న ముసలాయన హిందీలో. ఆ మాటకి సత్యవాణి అక్కడే రాయి మీద కూర్చుండిపోయింది. ఇందుమతి గుట్ట చుట్టూ తిరిగి "బిజిలీ, బిజిలీ" అని పిలిచింది. ఆమె గొంతుకి ఏదీ పలకలేదు. గంట దాటింది. ఎండ నెత్తికొచ్చింది. అప్పుడు సత్యవాణి లేచి, నోరంతా తెరిచి, రోజూ ఇంటి వెనక పిలిచే పిలుపు పిలిచింది. "బిజ్జూ. దామ్మా, దా."

రేకుల కిందినుంచి పిల్లి వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎడమచెవి సగం చిరిగి ఎండిపోయింది. సత్యవాణి కాళ్ళకి రాసుకుంది. ఇందుమతి చెయ్యి చాపితే వెనక్కి జరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు సత్యవాణి కొంగులో పిల్లిని చుట్టుకుని సుపేలా దాకా దాని వీపు నిమురుతూ వచ్చింది. ఆటో దిగాక, "ఆ చెవి ఇంక అతకదు" అని మాత్రం అంది.

వారం తిరిగేసరికి పిట్టలు గోడ అవతల ఎక్కడో గూడు పూర్తిచేశాయి. సత్యవాణి బిజిలీని పగలంతా గదిలో పెట్టి తలుపు వేస్తోంది. పిల్లి లోపల గోకుతూ అరుస్తుంది. శ్రీలక్ష్మి బడినుంచి రాగానే అటే వెళ్ళి వస్తుంది. ఇంటికొచ్చి ఆ సంగతులేవీ ఎత్తదు. వంట బాగుందని అంటుంది, బట్టలు మడతపెడుతుంది, అనిల్‌తో నవ్వుతుంది. పిట్టల గురించి మాత్రం అత్తగారి దగ్గర మాట్లాడదు. ఇందుమతి అడగదు.

మే మొదటివారంలో ఒక పొద్దున్న గోడ అవతల నుంచి ఈల వినిపించింది. ఒకటి వేసిన ఈల, దాని వెంటనే రెక్కల చప్పుడు. డ్యూటీ మారింది. ఇందుమతి బకెట్ కింద పెట్టి వింటూ నిలబడింది. సత్యవాణి అటునుంచి ఆమెని చూసింది. ఆ ఆదివారం తరవాత మొదటిసారి తనంతట తను గోడ దగ్గరికి వచ్చింది.

"పిగిలినాయి వదినా. రెండే. ఎక్కడ కట్టాయో తెలుసా, ఇక్కడే ఈ పక్కన..."

"చెప్పకు" అంది ఇందుమతి.

సత్యవాణి చూపించబోయిన చెయ్యి దించింది.

"ఎక్కడో నాకు చెప్పకు వదినా. నన్ను నేను నమ్ముకోలేను. మళ్ళీ వాటికి మేత దొరకలేదంటే నేను ఊరుకోలేను."

బకెట్ ఎత్తుకుని లోపలికి వెళ్ళి, గోడవైపు కిటికీ తలుపు దగ్గరికి వేసి, స్టవ్ మీద పప్పు పెట్టింది.